పదవి వేరు, మనిషి వేరు: ఇంటర్మీడియట్‌లో రాజనీతిశాస్త్రం

ఆచార్య జి. రామ్ రెడ్డి స్మారక ఉపన్యాస పాఠం

అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, ఏ నియమాన్ని అనుసరించి వారి చేతికి వస్తుంది, ఏ హద్దు దగ్గర ఆగుతుంది అనే ప్రశ్నలను క్రమపద్ధతిలో విచారించే శాస్త్రం రాజనీతిశాస్త్రం. తెలుగునాట విద్యార్థికి అది విడి సబ్జెక్టుగా ఎదురయ్యేది ఇంటర్మీడియట్‌లోనే. పదో తరగతి దాకా సాంఘికశాస్త్రంలో చరిత్ర, భూగోళాల పక్కన సర్దుకుని కూర్చున్న ఈ విషయానికి ఆ తరువాతే సివిక్స్ పేరుతో సొంత పాఠ్యపుస్తకం, సొంత ప్రశ్నపత్రం, సొంత అధ్యాపకుడు ఏర్పడతారు. ఏడాది పీయూసీ స్థానంలో 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చి, 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడిన నాటి నుంచి హెచ్‌ఈసీ, సీఈసీ గ్రూపుల్లో సివిక్స్ కొనసాగుతూనే ఉంది. మొదటి ఏడాది రాజ్యం, స్వేచ్ఛ, సమానత్వం, హక్కులు వంటి భావనలు, రెండో ఏడాది భారత రాజ్యాంగం, ప్రభుత్వ వ్యవస్థ అనే విభజన స్థూలంగా ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ విషయాన్ని జూబ్లీహిల్స్‌లో నిలబడి ఆలోచించడానికి తగిన కారణమే ఉంది. ఇక్కడి 46వ నంబరు రోడ్డు ఆచార్య జి. రామ్ రెడ్డి పేరు మీద ఉంది. ఆ రోడ్డులోనే 1982లో ఆయన తొలి ఉపకులపతిగా మొదలై, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పొందిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిర్మించి, ఆపై ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా, విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసి 1995లో మరణించిన రామ్ రెడ్డి వృత్తిరీత్యా రాజనీతిశాస్త్ర ఆచార్యుడన్న సంగతి, దూరవిద్యకు పితామహుడన్న కీర్తి కింద కొంత మరుగున పడింది. ఇంటర్మీడియట్ గడప తొక్కని వారికి సైతం అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే దారిని ఆ విశ్వవిద్యాలయం తెరిచింది. ఎవరు చదవవచ్చు అన్న ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు అది. ఏమి చదవాలి, ఎలా చదవాలి అన్న ప్రశ్న మాత్రం ఇంటర్మీడియట్ సివిక్స్ విషయంలో ఇంకా తేలలేదు.

ముందుగా ఎవరు చదువుతున్నారో చూడాలి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడిని ఎంపీసీలోనో బైపీసీలోనో చేర్చడం తెలుగు కుటుంబాల్లో చర్చ అవసరం లేని నిర్ణయంగా స్థిరపడింది. పేరున్న కార్పొరేట్ కళాశాలలు చాలావరకు ఆ రెండు గ్రూపుల మీదే నడుస్తాయి, హెచ్‌ఈసీ ప్రధానంగా ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు మిగిలింది. దీని పర్యవసానం విచిత్రంగా ఉంది. పదిహేడేళ్లప్పుడు సివిక్స్ వైపు కన్నెత్తి చూడని ఇంజనీరింగ్ పట్టభద్రుడు పాతికేళ్లకు గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, తెలుగు అకాడమీ ప్రచురించిన అదే ఇంటర్మీడియట్ పుస్తకాన్ని తెచ్చుకుని ప్రాథమిక హక్కుల అధ్యాయం నుంచి మొదలుపెడతాడు. అంటే రాజ్యాంగం ఓటరుకు కావలసిన జ్ఞానంగా కాక, ఉద్యోగార్థికి కావలసిన సిలబస్‌గా అతని జీవితంలోకి ప్రవేశిస్తుంది. 61వ సవరణ ద్వారా 1989లో ఓటు హక్కు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగిన తరువాత, ఇంటర్మీడియట్ రెండో ఏడాది అనేది ఓటరు జాబితాలో పేరు చేరడానికి ముందు దాదాపు చివరి తరగతి అయింది. పదిహేడు నిండిన వారు ఫారం 6 ద్వారా ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎన్నికల సంఘం 2022లో వెసులుబాటు ఇచ్చాక ఆ దూరం ఇంకా తగ్గింది. ఆ వయసులో ఉన్న వారిలో అత్యధికులు ఈ సబ్జెక్టును అసలు చదవడం లేదు.

చదివే వారికైనా అది ఏ రూపంలో అందుతున్నదో ప్రశ్నపత్రమే చెబుతుంది. వంద మార్కుల పత్రంలో పది మార్కుల వ్యాసరూప ప్రశ్నలు, అయిదు మార్కుల లఘు ప్రశ్నలు, రెండు మార్కుల అతి లఘు ప్రశ్నలు ఉంటాయి. నిర్వచించండి, లక్షణాలు రాయండి, విధులు వివరించండి అన్న మూడు క్రియల చుట్టూ ఎన్నో ఏళ్లుగా ప్రశ్నలు తిరుగుతున్నందువల్ల, గవర్నర్ అధికారాలను కార్యనిర్వాహక, శాసన, న్యాయ, ఆర్థిక అనే ఉపశీర్షికల కింద వరుసగా రాసి, ఒక్కో శీర్షిక కింద గీత గీసి, మార్జిన్ నీటుగా వదిలిన విద్యార్థికి మార్కులు పడతాయి. ఆ అధికారాలను ఏ గవర్నర్ ఎప్పుడు ఎలా వాడారో రాయాలన్న ఒత్తిడి ఎక్కడా లేదు. తప్పు పాఠ్యపుస్తకానిదని చెప్పడం న్యాయం కాదు. రాజ్యానికీ సమాజానికీ తేడా, రాజ్యానికీ ప్రభుత్వానికీ తేడా, రాజ్యానికీ సంఘానికీ తేడా అని వచ్చే భాగాలు, విద్యార్థులు పట్టికలు గీసి బట్టీ పట్టే భాగాలు, నిజానికి ఈ శాస్త్రానికి ఆయువుపట్టు. వేర్వేరు వస్తువులను వేర్వేరుగా చూడగలగడమే రాజనీతిశాస్త్రం నేర్పే మొదటి విద్య. ఆ పట్టికలో ఒక గడి లోపించింది: పదవికీ, ఆ పదవిలో ఉన్న మనిషికీ ఉన్న తేడా. ఆ గడిని పూరించడం మిగిలిన అన్ని చోట్ల కన్నా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతంలో కష్టం. అందుకే ఇక్కడి ఉదాహరణలు మిగిలిన అన్ని చోట్ల కన్నా ఎక్కువ పనికొస్తాయి.

కష్టం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావు నుంచి, 2008లో ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవి, 2014లో జనసేన పెట్టి 2024లో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయిన పవన్ కళ్యాణ్ దాకా, తెర మీది మనిషి పదవిలోకి నడిచి వెళ్లడం తెలుగు రాజకీయాల్లో అలవాటైన దృశ్యం. నటుడు రాజకీయాల్లోకి రావడంలో రాజ్యాంగపరంగా ఏ దోషమూ లేదు, న్యాయవాది వచ్చినట్టే నటుడూ వస్తాడు. చిక్కు వచ్చేది చూసేవాడి మనసులో: మనిషి ఎంత పెద్దగా కనిపిస్తే పదవికి ఉన్న హద్దులు అంత చిన్నగా కనిపిస్తాయి.

రాజ్యానికీ సంఘానికీ తేడాతో మొదలుపెట్టవచ్చు. జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అనే నాలుగు అంగాలు ఉన్నది రాజ్యమని, సార్వభౌమాధికారం అంటే తన పైన మరో అధికారం లేని అత్యున్నత అధికారమని పాఠం చెబుతుంది. ఫిల్మ్‌నగర్ కేంద్రంగా పనిచేసే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఎన్నికలు 2021 అక్టోబరు 10న జూబ్లీహిల్స్ పబ్లిక్ స్కూల్‌లో జరిగినప్పుడు ప్యానెళ్లు, మేనిఫెస్టోలు, టీవీ చర్చలు, ఓట్ల లెక్కింపు ప్రత్యక్ష ప్రసారాలు చూసినవారికి అది ఏదో రాష్ట్రానికి జరుగుతున్న ఎన్నిక అనిపించింది. ఆ సంఘానికి సభ్యులున్నారు, కార్యవర్గం ఉంది, నియమావళి ఉంది. భూభాగం లేదు, సార్వభౌమాధికారం లేదు, ఇష్టం లేని సభ్యుడు రాజీనామా చేసి బయటికి నడవవచ్చు. పౌరుడు రాజ్యం నుంచి అలా నడవలేడు. విద్యార్థి నాలుగు అంగాలనూ ఆ ఎన్నికకు ఒక్కొక్కటిగా అన్వయించి చూస్తే, పది మార్కుల జవాబు బట్టీ పట్టే పని లేకుండానే తయారవుతుంది. అదే విధంగా 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ సినీ కార్మికుల ఫెడరేషన్ షూటింగులు ఆపినప్పుడు, నిర్మాతలు ఫిల్మ్ చాంబర్ వైపు నుంచి, కార్మికులు ఇరవై నాలుగు క్రాఫ్టుల వైపు నుంచి, మధ్యలో కార్మిక శాఖ నుంచి సాగించిన బేరసారాలను చూపిస్తే ఒత్తిడి వర్గాల అధ్యాయానికి, అంటే అధికారంలోకి రాకుండానే అధికారం మీద ప్రభావం చూపే బృందాల గురించిన పాఠానికి, వేరే ఉదాహరణ వెతుక్కోనవసరం లేదు.

పదవికీ మనిషికీ మధ్య గీత ఎక్కడ ఉందో చెప్పే వాక్యం రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉంది. మంత్రి చేసే ప్రమాణం నమూనా అక్కడ అచ్చయి ఉంటుంది. ఆ నమూనాలో పేరుకు వదిలిన ఖాళీలో ఎవరి పేరైనా పట్టేస్తుంది. 2018లో వచ్చిన 'భరత్ అనే నేను' సినిమాకు ఆ నమూనాయే పేరు ఇవ్వడంతో, షెడ్యూలు చదవని కుర్రవాడికి కూడా ఆ వాక్యం నోటికి వచ్చింది. అయితే తరగతిలో అడగవలసింది ఆ వాక్యంలో పేరు తరువాత ఏముందని: నాయకుడికి కాదు, పార్టీకి కాదు, చట్టం ద్వారా ఏర్పడిన రాజ్యాంగానికి విధేయత. సినిమాను ఆధారం చేసుకుని ఇంకొక ప్రశ్న కూడా వేయవచ్చు. శాసనసభ్యుడు కానివాడు మంత్రి కావచ్చా? కావచ్చు, ఆరు నెలలు మాత్రమే అని 164వ అధికరణం నాలుగో నిబంధన అంటుంది. ఆ గడువులో శాసనసభలోనో మండలిలోనో సభ్యత్వం రాకపోతే పదవి పోతుంది. దీనికి సినిమా దాకా వెళ్లనక్కరలేదు కూడా: 2023లో జూబ్లీహిల్స్ నుంచి పోటీచేసి ఓడిన మహమ్మద్ అజారుద్దీన్ 2025 అక్టోబరు 31న ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు, ఆ క్షణం నుంచి ఆరు నెలల గడియారం నడవడం మొదలైంది.

ఈ గీత అన్నిటికన్నా తీవ్రంగా పరీక్షకు నిలిచింది 1984లో. గుండె శస్త్రచికిత్స చేయించుకుని అమెరికా నుంచి తిరిగివచ్చిన కొద్దికాలానికే రామారావును ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ పదవి నుంచి తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. రాజ్యాంగం 164వ అధికరణం మాటల్లో మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారు. అయితే అదే అధికరణం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని కూడా అంటుంది. ఈ రెండు వాక్యాలు ఢీకొన్నప్పుడు ఏది నెగ్గాలి అన్నదే ఆ నెలరోజుల కథ. బల నిరూపణ జరగవలసిన చోటు సభ. కానీ శాసనసభ్యులను కర్ణాటకలో శిబిరాల్లో ఉంచవలసి వచ్చింది, ఢిల్లీకి తీసుకువెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టవలసి వచ్చింది. గవర్నర్ మారి శంకర్ దయాళ్ శర్మ రావడం, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ప్రమాణం చేయడంతో ఆ ఘట్టం ముగిసింది. ఆ కథను తెలుగు సమాజం ఇప్పటికీ ఒక మనిషి పడిన అవమానంగా, ఒక మనిషి సాధించిన గెలుపుగా చెప్పుకుంటుంది. రాజనీతిశాస్త్రం దాన్ని చెప్పవలసిన తీరు వేరు: అక్కడ దెబ్బతిన్నది రామారావు కన్నా ముందు సభ విశ్వాసం అనే నియమం, నిలబడింది కూడా అదే. మనిషిని అభిమానించని వారు సైతం ఆనాడు నియమం పక్షాన నిలబడవలసి ఉంటుందని విద్యార్థికి బోధపడితే, రెండేళ్ల సివిక్స్ చదువుకు తగిన ఫలితం దక్కినట్టే.

ఆ తరువాత కొద్ది నెలలకు, 1985లో, 52వ సవరణ ద్వారా పదో షెడ్యూలు వచ్చింది. ఒక పార్టీ టికెట్టు మీద గెలిచినవాడు ఆ పార్టీని వదిలేస్తే సభ్యత్వం కోల్పోతాడని, దాని మీద నిర్ణయం స్పీకరుదని ఆ షెడ్యూలు చెబుతుంది. మొదట్లో మూడో వంతు సభ్యులు చీలిపోతే మినహాయింపు ఉండేది, 2003లో 91వ సవరణ దాన్ని ఎత్తివేసి, మూడింట రెండు వంతుల మంది అంగీకరించే విలీనాన్ని మాత్రం మిగిల్చింది. జూబ్లీహిల్స్ విద్యార్థికి ఇది దూరపు సంగతి కాదు. 2014లో ఇక్కడ తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచిన మాగంటి గోపీనాథ్ 2018, 2023 ఎన్నికల్లో అప్పటి టీఆర్ఎస్, నేటి బీఆర్ఎస్ తరఫున గెలిచారు. పక్కనున్న ఖైరతాబాద్ నుంచి 2023లో బీఆర్ఎస్ అభ్యర్థిగా గెలిచిన దానం నాగేందర్ 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీచేశారు. ఆయనతో సహా పదిమంది శాసనసభ్యుల మీద వచ్చిన ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకరును ఆదేశించింది.

వర్తమాన రాజకీయాలను తరగతిలో ప్రస్తావిస్తే పక్షపాతం అంటగడతారన్న భయం అధ్యాపకుల్లో ఉంది, అది నిరాధారం కాదు. దానికి మందు మౌనం మాత్రం కాదు, ఉదాహరణలను పక్కపక్కన పెట్టడం. 2016లో తెలంగాణ తెలుగుదేశం సభ్యులు పదిహేను మందిలో పన్నెండు మంది టీఆర్ఎస్‌లోకి, 2019లో కాంగ్రెస్ సభ్యులు పద్దెనిమిది మందిలో పన్నెండు మంది అదే పార్టీలోకి, 2024లో బీఆర్ఎస్ సభ్యులు పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లడాన్ని ఒకే నల్లబల్ల మీద రాసి, ఏది విలీనం లెక్కకు సరిపోతుంది, ఏది సరిపోదు అని విద్యార్థుల చేత లెక్క కట్టిస్తే, ఏ పార్టీ వారికీ తమ పార్టీని వెనకేసుకొచ్చే వీలు చిక్కదు. ఒక ఉదాహరణతో ఆపితే అది ప్రచారం. మూడు ఉదాహరణల దాకా వెళితే అది శాస్త్రం.

నియోజకవర్గం అన్న భావనకు కూడా ఈ ప్రాంతం మంచి పాఠశాల. నియోజకవర్గాల పునర్విభజన తరువాత 2009లో తొలిసారి ఎన్నిక జరిగిన జూబ్లీహిల్స్ శాసనసభ స్థానంలో అధిక భాగం బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, వెంగళరావునగర్ వంటి జనసమ్మర్దమైన బస్తీలు, కాలనీలు. సినీ ప్రముఖుల బంగళాలతో లోకానికి తెలిసిన జూబ్లీహిల్స్ డివిజన్, ఫిల్మ్‌నగర్ మాత్రం ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉన్నాయి. పేరు ఒకచోట, ఓటు మరొకచోట. టీవీలో జూబ్లీహిల్స్ ఎన్నిక అనగానే తారలు ఎవరికి వేశారని అడిగేవారిలో చాలామందికి ఆ తారల్లో అనేకులు ఆ ఎన్నికలో ఓటర్లే కారని తెలియదు. జనాభాను కొలిచి గీసిన గీతకూ, భూమి ధరను బట్టి మనసులో పడిన గీతకూ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు.

గోపీనాథ్ మరణంతో 2025 నవంబరు 11న జరిగిన ఉప ఎన్నికలో 58 మంది పోటీలో నిలిచారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి కాబట్టి, నోటాతో కలిపి 59 వరుసలకు ప్రతి పోలింగ్ కేంద్రంలో నాలుగేసి యూనిట్లు పక్కపక్కన పెట్టవలసి వచ్చింది. నాలుగు లక్షలకు పైగా ఓటర్లున్న ఆ స్థానంలో పోలింగు 48 శాతం దాటి కొద్దిగా ముందుకు వెళ్లి ఆగింది, గెలిచిన వి. నవీన్ యాదవ్‌కు 98 వేలకు పైగా ఓట్లు, 24 వేలకు పైగా ఆధిక్యం వచ్చాయి. స్పష్టమైన గెలుపే అది. అయినా నమోదైన ఓటర్లందరిలో లెక్కిస్తే ఆ ఓట్లు నాలుగో వంతుకు చేరవు. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ప్రాతినిధ్యం అంటే ఏమిటన్న ప్రశ్నను ఈ భాగహారం ఒక్కటే తరగతిలో పుట్టించగలదు. అంకెలంటే ఎంపీసీ వాళ్ల సొత్తన్న అపోహను సివిక్స్ అధ్యాపకుడు వదిలించవలసింది ఇక్కడే.

కేంద్ర రాష్ట్ర సంబంధాల అధ్యాయం అన్నిటికన్నా పొడిగా సాగుతుందని విద్యార్థుల భయం. ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితాలను విద్యార్థి అంశాల సంఖ్యలుగా కంఠస్థం చేస్తాడు. అదే షెడ్యూలును ఫిల్మ్‌నగర్ కళ్లతో చూస్తే జాబితాలకు ప్రాణం వస్తుంది. సినిమాను ప్రదర్శనకు అనుమతించడం, అంటే సెన్సార్, కేంద్ర జాబితాలో 60వ అంశం. సినిమా హాళ్లు, వాటిలో ప్రదర్శనలు, 60వ అంశానికి లోబడి, రాష్ట్ర జాబితాలో 33వ అంశం. కాబట్టి ఒకే సినిమాలో ఏ సన్నివేశం ఉండాలో కేంద్ర చట్టం కింద తేలుతుంది, టికెట్టు ఎంతకు అమ్మాలో, తెల్లవారుజామున బెనిఫిట్ షో ఉండాలో వద్దో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులో తేలుతుంది. 2014 తరువాత తెలుగు సినిమాకు రాష్ట్రాలు రెండయ్యాయి: 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు జీవోతో టికెట్టు ధరలు తగ్గించి ఖరారు చేసినప్పుడు, జూబ్లీహిల్స్‌లో ఆఫీసులున్న నిర్మాతలు తమ ఊరిని పాలించని ప్రభుత్వం దగ్గరికి విన్నపాలతో వెళ్లవలసి వచ్చింది. సమాఖ్య అంటే ఏమిటో వారికి బాక్సాఫీసు నేర్పింది.

స్థానిక ప్రభుత్వాల విషయంలో తెలుగు రాజనీతిశాస్త్రానికి గర్వించదగిన పూర్వచరిత్ర ఉంది. రాజస్థాన్ తరువాత దేశంలో రెండో రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ 1959లో పంచాయతీరాజ్ విధానాన్ని తెచ్చుకున్నాక, దాని తీరుతెన్నులను మామిడిపూడి వెంకటరంగయ్య, రామ్ రెడ్డి కలిసి అధ్యయనం చేసి 1967లో గ్రంథం వెలువరించారు. అప్పటికి వెంకటరంగయ్య ఎనభైకి చేరువలో ఉన్న పండితుడు, రామ్ రెడ్డి నలభై నిండని అధ్యాపకుడు. ఢిల్లీ, లండన్ వ్యవస్థల వర్ణనతో సరిపెట్టుకోకుండా, కళ్లెదుట సమితులు, పరిషత్తులు ఎలా పనిచేస్తున్నాయో పరిశీలించడమే శాస్త్రమని ఆ కృషి చూపింది. ఆ పద్ధతి పరిశోధనల్లో కొనసాగింది గాని, ఇంటర్మీడియట్ తరగతి దాకా దిగలేదు. 73వ, 74వ సవరణల కింద గ్రామసభ నుంచి నగరపాలక సంస్థ దాకా అన్ని అంచెల నిర్మాణాన్నీ రాయగల విద్యార్థి, తాను ఉండే డివిజన్ కార్పొరేటర్ పేరు అడిగితే తడబడతాడు.

మార్పు ఎక్కడ మొదలుకావాలన్న ప్రశ్నకు సిలబస్ మార్చాలన్నది తేలికగా వచ్చే జవాబు, అది అంతగా పనికిరాదు. సిలబస్‌లో కావలసినది దాదాపు అంతా ఉంది. మార్చవలసింది ప్రశ్న. పదో షెడ్యూలు ముఖ్యాంశాలు రాయండి అనే చోట, ఒక పార్టీ శాసనసభ్యుడు రాజీనామా చేయకుండా మరో పార్టీ అభ్యర్థిగా లోక్‌సభకు పోటీచేశాడని పరిస్థితి ఇచ్చి, అతని సభ్యత్వం మీద ఎవరు, ఏ ప్రాతిపదిక మీద నిర్ణయించాలో, ఆలస్యమైతే న్యాయస్థానం ఏమి చేయగలదో రాయమంటే, బట్టీ పట్టిన జవాబు సగం దూరమే తీసుకెళుతుంది. అయితే ఇలాంటి ప్రశ్న ఒంటరిగా వస్తే విద్యార్థికే అన్యాయం జరుగుతుంది. స్పాట్ మూల్యాంకన కేంద్రంలో కట్టల కొద్దీ జవాబు పత్రాలు ముందేసుకున్న అధ్యాపకుడి చేతిలో ఉండేది పాయింట్లు లెక్కపెట్టే కీ. ఉపశీర్షికలు లేని, వాదనగా సాగిన జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో ఆ కీ చెప్పదు, చెప్పనప్పుడు జాగ్రత్తపరుడైన అధ్యాపకుడు తక్కువే వేస్తాడు. అందువల్ల కొత్త ప్రశ్న కన్నా ముందు కొత్త కీ తయారుకావాలి: సరైన అధికరణాన్ని గుర్తించినందుకు ఇన్ని, దాన్ని పరిస్థితికి అన్వయించినందుకు ఇన్ని, ఎదుటి వాదాన్ని ప్రస్తావించినందుకు ఇన్ని అని మార్కులు విడగొట్టి, నమూనా జవాబులతో సహా జూనియర్ లెక్చరర్లకు విద్యాసంవత్సరం మొదట్లోనే అందించాలి. ఏటా పది మార్కుల ప్రశ్నల్లో ఒక్కదాన్ని ఈ తీరుగా మార్చినా, టెస్ట్ పేపర్లు అచ్చువేసే ప్రచురణకర్తలు మరుసటి ఏడాదికే దాన్ని అనుసరిస్తారు. ఈ వ్యవస్థలో అన్నిటికన్నా వేగంగా నేర్చుకునేది వారే.